హ్యాండిల్ కోన్ సెట్ కింద నుంచి గ్రీజ్ కారుతూనే ఉంది, ఏం చేయాలి?

పాతబండి:
అన్నలూ, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నా బండి హ్యాండిల్ తిప్పితే సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి టక్కుమని గాడిలో పడ్డట్టు పట్టేసేది, నెమ్మదిగా పోతుంటే బండి తిన్నగా నిలబడేది కాదు. కోన్ సెట్ (హ్యాండిల్ తిరగడానికి పైన కింద ఉండే బేరింగుల జత) పోయిందని అర్థమై నేనే విప్పి మార్చా. ఇదే మొదటిసారి. ముందు బాల్స్ ఉన్న సెట్ ఉండేది, దాని బదులు టేపర్ రోలర్ సెట్ (ఒక చివర సన్నగా ఉండే చిన్న రోలర్లది) వేశా. బేరింగులు అరచేతిలో గ్రీజ్ వేసుకుని బాగా కూరా, అక్కడితో ఆగకుండా మళ్ళీ విప్పే పని ఎప్పుడో, ఎక్కువ ఉంటే మంచిదేగా అనుకుని ఫ్రేమ్ హెడ్ పైపు (హ్యాండిల్ రాడ్డు దూరే పైపు) లోపల కూడా నింపేశా. అరకిలో డబ్బాలో సగం పైనే అయిపోయింది.

మూడు వారాలైంది. స్టీరింగ్ వెన్నలా తిరుగుతోంది, దాని గురించి ఏ కంప్లయింటూ లేదు. కానీ షాకర్లని పట్టుకుని ఉండే కింది టి ఉంది కదా, దానికీ ఫ్రేమ్‌కీ మధ్య సందులోంచి చుట్టూ రింగులా గ్రీజ్ బయటికొస్తోంది. తుడిస్తే రెండు రోజుల్లో మళ్ళీ అంతే. ఎండలో పార్క్ చేసిన రోజు ఇంకా ఎక్కువ, మడ్‌గార్డ్ మీద బొట్లు పడుతున్నాయి, దాని మీద దుమ్ము పట్టి నల్లగా పేస్టులా అవుతోంది. ఒకాయన పై నట్టు ఇంకో అర చుట్టు టైట్ చెయ్, ఆగిపోతుంది అన్నాడు. ఇంకొకాయన సందులోకి డీజిల్ కొట్టి ఎక్కువ ఉన్నదంతా కడిగెయ్ అన్నాడు. రెండూ చేయబుద్ధి కాక ఇక్కడ అడుగుతున్నా. ఇది వదిలేస్తే దానంతటదే ఆగుతుందా? లేక బేరింగులకి ఏమైనా అవుతుందా?

నట్టుబోల్టు:
తమ్ముడూ, చేయబుద్ధి కాలేదు చూడు, అదే నిన్ను కాపాడింది. ఆ రెండూ చెయ్యకు.

ముందు నట్టు సంగతి. ఆ పై నట్టు గ్రీజ్‌ని ఆపడానికి కాదు ఉన్నది, పైన కింద ఉన్న రెండు బేరింగులనీ వాటి రేసుల్లో (బాల్స్, రోలర్లు దొర్లే ఇనుప రింగుల్లో) ఎంత ఒత్తిడితో కూర్చోబెట్టాలో అది చూసుకుంటుంది. గ్రీజ్‌ని ఆపేది కింది బేరింగ్ అడుగున ఉండే రబ్బరు డస్ట్ సీల్. నట్టు అర చుట్టు బిగిస్తే సీల్‌కి ఏమీ కాదు, రోలర్లు మాత్రం రేసులోకి నొక్కుకుపోతాయి, హ్యాండిల్ బరువెక్కుతుంది. బండి నడిపేటప్పుడు మనకి తెలియకుండానే హ్యాండిల్ ఇటు అటు చిన్న చిన్నగా కదులుతూ బండిని నిలబెడుతూ ఉంటుంది, అది బిగుసుకుపోతే తక్కువ స్పీడులో బండి తాగినోడిలా ఊగుతూ పోతుంది. టేపర్ సెట్ అయితే ఇంకా జాగ్రత్త, రోలర్ గీతలా ఆనుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ బిగించినా వెంటనే బరువు తెలుస్తుంది. పాత బాల్ సెట్‌కి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (నట్టు ఎంత బలంతో బిగించాలన్న లెక్క) దీనికి వాడావా? వాడితే అది కూడా ఓసారి చూసుకో, కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే విలువ ఉండొచ్చు.

డీజిల్ సంగతి ఇంకా ఘోరం. ఎక్కువ ఉన్న గ్రీజ్ వేరు, కావాల్సిన గ్రీజ్ వేరు అని డీజిల్‌కి తెలియదు కదా. లోపలికి పోయి రోలర్ల మీద ఉన్నదాన్ని కూడా పల్చన చేసి కిందికి లాగేస్తుంది. పెట్రోలైనా, బ్రేక్ క్లీనర్ అయినా, ప్రెషర్ వాటర్ అయినా అంతే. ఆ సందు వైపు ఏ పైపూ పెట్టకు.

ఇక ఎక్కువ గ్రీజ్ వల్ల బేరింగ్ పాడవుతుందా అంటే, స్టీరింగ్ దగ్గర కాదు. చక్రం బేరింగో మోటార్ బేరింగో అయితే నిండా కూరితే లోపల గిలక్కొట్టుకుని వేడెక్కుతుంది, అందుకే వాటిలో కొంత ఖాళీ వదలమంటారు. స్టీరింగ్ బేరింగ్ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు, ఆ చివర నుంచి ఈ చివరకి కొంచెం ఊగుతుంది, అంతే, వేడి పుట్టే ప్రసక్తే లేదు. పైగా చుట్టూ గ్రీజ్ ఉంటే నీళ్ళు లోపలికి రావు. నువ్వు బేరింగులో కూరింది తప్పు కాదు, హెడ్ పైపు నింపడం మాత్రం అనవసరం, అక్కడున్నది రోలర్లకి ఏ రకంగానూ పనికిరాదు. ఎండకి ఆ పైపు వేడెక్కినప్పుడు లోపల ఇరుక్కున్న గాలీ గ్రీజూ రెండూ వ్యాకోచిస్తాయి, గ్రీజ్ మెత్తబడుతుంది, దారి దొరికిన చోట బయటికి తోసుకొస్తుంది. కింది సీల్ దగ్గర దారి దొరికింది. ఎక్కువైనదంతా పోయాక ఆగాలి. అప్పటిదాకా పొడి గుడ్డతో తుడువు, సందులో ఉన్నదాన్ని ఐస్‌క్రీమ్ పుల్లలాంటి చెక్క పుల్లతో తీసెయ్, స్క్రూ డ్రైవర్ పెడితే సీల్ చిరుగుతుంది.

రాత్రిప్రయాణం:
పైన అన్న చెప్పినదంతా కరెక్టే కానీ నేను ఒక మెట్టు వెనక్కి వెళ్తా. అది గ్రీజేనని ఖాయం చేసుకున్నావా? నాకు ఇది ఎందుకంటే, నాదీ ఇలాగే కింది టి దగ్గర తడి కనిపిస్తే కోన్ సెట్ గ్రీజ్‌లే అని పది రోజులు తుడుచుకుంటూ తిరిగా. ఒకరోజు బ్రేక్ లివర్ మామూలు కంటే లోపలికి పోయింది. చూస్తే అక్కడే టి కింద బిగించి ఉన్న బ్రేక్ పైపు జాయింట్ నుంచి బ్రేక్ ఆయిల్ ఊరుతోంది. అది టి వెంబడి పాకి, అక్కడున్న పాత గ్రీజ్‌తో కలిసి అచ్చం గ్రీజ్ కారినట్టే కనిపించింది. ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు ఇక్కడ రాస్తున్నా, ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

చెక్ చేయడం కష్టమేం కాదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ ఎంతుందో చూడు, టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకో. కారిన దాన్ని కొంచెం తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యి. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది, గ్రీజ్, నూనె పైన తేలతాయి. డాట్ 5 ఒక్కటి సిలికాన్, అది కలవదు, నీ డబ్బా మూత మీద ఏం రాసుందో చూసుకో. ఇంకోటి, బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింట్ ఉబ్బుతుంది, పొరలు లేస్తుంది. అలాంటిది కనిపిస్తే బండి అక్కడే ఆపెయ్, పైపు చూసేదాకా తియ్యకు.

షాకర్ ఆయిల్ అయితే వేరేలా ఉంటుంది, మెరిసే రాడ్డు మీద రింగులా తడి గీత కనిపిస్తుంది, అక్కడి నుంచి కిందికి కారుతుంది. పైనున్న టి దాకా ఎక్కదు. పొద్దున్నే అంతా శుభ్రంగా తుడిచి, కింది టి చుట్టూ తెల్ల టిష్యూ ఒకటి, రెండు రాడ్ల సీళ్ళ దగ్గర చెరొకటి రబ్బర్ బ్యాండుతో కట్టి బండిని ఒక రాత్రి నిలబెట్టి చూడు. ఏది ముందు తడుస్తుందో అదే.

పాతబండి:
థాంక్యూ ఇద్దరికీ. రాత్రిప్రయాణం అన్నా, మీరు చెప్పినట్టే చేశా, భయపడ్డా కూడా. బ్రేక్ ఆయిల్ లెవెల్ నాలుగు రోజులకి చూసినా కదల్లేదు. నీళ్ళలో వేసింది తేలింది. షాకర్ల దగ్గర టిష్యూలు పొడిగా ఉన్నాయి. టి దగ్గరది మాత్రం తడిసింది. కాబట్టి కోన్ సెట్ నుంచే.

కానీ ఒక విషయం గమనించా. మొదటి వారం వచ్చింది నేను పెట్టిన గ్రీజ్ లాగే గట్టిగా, ముద్దగా ఉండేది. ఇప్పుడు వస్తున్నది అలా లేదు, పల్చగా తేనె రంగులో నూనెలా ఉంది, మధ్యలో మెత్తటి గడ్డలు. నేను పెట్టింది నీలం రంగు గ్రీజ్, వచ్చేది నీలంగా లేదు, బురద రంగు. ఇంకో మాట, చెప్పడం మర్చిపోయా, పాత గ్రీజ్‌ని నేను పూర్తిగా కడగలేదు. రేసులు శుభ్రంగా తుడిచా గానీ పైపు లోపల గోడలకి గోధుమ రంగులో మందంగా పట్టి ఉన్నదాన్ని గుడ్డ దోపి తీసినంత తీసి వదిలేశా. అది ఏ గ్రీజో, ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు, నేను రెండో ఓనర్ని. దీనికీ దానికీ సంబంధం ఉందా?

స్పాంజ్:
ఉంది. నేను యంత్రాల మెయింటెనెన్సులో పనిచేస్తా, బండ్ల మెకానిక్‌ని కాదు, అందుకే ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా, కానీ ఆఖరి పోస్టు చూశాక ఊరుకోలేకపోయా.

గ్రీజ్ అంటే చిక్కటి నూనె కాదు. మామూలు నూనెనే సబ్బులాంటి పదార్థంలో పట్టి ఉంచుతారు. స్పాంజిలో నీళ్ళు ఉన్నట్టు అనుకోండి. బేరింగ్‌ని నడిపేది ఆ నూనే, స్పాంజి పని దాన్ని పట్టుకుని అవసరమైనంత మెల్లగా వదలడం. కాబట్టి కొంచెం నూనె ఊరడం గ్రీజ్‌కి రోగం కాదు, డబ్బా చాలా రోజులు కదపకుండా పెడితే పైన నూనె తేలి కనిపిస్తుంది చూడండి, అదే ఇది. వేడికి ఇంకొంచెం ఎక్కువ ఊరుతుంది. అది మామూలే, కంగారు పడక్కర్లేదు.

కానీ ఆ స్పాంజి రకరకాలు. లిథియం సబ్బుది ఒకటి, లిథియం కాంప్లెక్స్ అని ఇంకొంచెం వేడి తట్టుకునేది ఒకటి, కాల్షియం రకాలు, పాలీయూరియా, బెంటోనైట్ మట్టితో చేసేవి. లిథియం, లిథియం కాంప్లెక్స్ సాధారణంగా కలిసి బతుకుతాయి. లిథియంలో పాలీయూరియా గానీ మట్టి గ్రీజ్ గానీ కలిస్తే చాలాసార్లు స్పాంజి విరిగిపోతుంది, విడివిడిగా రెండూ మంచివే, కలిపితే మాత్రం పల్చబడి నూనె వదిలేస్తాయి. మీరు చెబుతున్న తేనె రంగు నూనె, మధ్యలో గడ్డలు, నాకు అదే గుర్తుకు తెస్తోంది. రంగు చూసి ఏ రకమో చెప్పలేం, రంగు కంపెనీ వాళ్ళు కలిపే డై మాత్రమే, నీలం అయితే ఇది, ఎరుపు అయితే అది అని రూలు ఏమీ లేదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. బయటికొచ్చిన గ్రీజ్ కాదు, పైపు లోపలి పాతది కొంచెం దొరికితే అది, మీ డబ్బాలోది సమానంగా తీసుకుని గాజు పలక మీద బాగా కలిపి ఒక ముద్ద పెట్టండి. పక్కనే కలపని కొత్త గ్రీజ్ ముద్ద ఇంకోటి. పలకని కొంచెం ఏటవాలుగా ఎండలో ఒక రోజంతా పెట్టండి. కలిపినది మాత్రమే జారిపోయి చుట్టూ నూనె మరక చేస్తే అనుమానం బలపడినట్టే. ల్యాబ్ టెస్టు కాదు ఇది, కానీ తేడా పెద్దదైతే కంటికే తెలుస్తుంది.

డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ నంబర్ ఏముందో కూడా చూడండి. అది గట్టిదనం లెక్క. 2 అయితే స్టీరింగ్‌కి సరిపోతుంది. 25 డిగ్రీల దగ్గర గ్రీజ్‌లోకి ఒక శంకువుని వదిలితే 5 సెకన్లలో ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్‌లో పదో వంతుల్లో కొలుస్తారు, 2 నంబర్‌కి 265 నుంచి 295 మధ్య ఉండాలి. 0 నంబర్‌కి 355 నుంచి 385, అంటే దాదాపు ఒక సెంటీమీటర్ ఎక్కువ లోతు దిగేంత మెత్తన. పొరపాటున 0 గానీ 00 గానీ తెచ్చి ఉంటే సీల్ ఎంత మంచిదైనా నిలవదు.

పాతబండి:
డబ్బా మీద లిథియం కాంప్లెక్స్, 2 అని ఉంది. పైపు గోడ మీద పాత గ్రీజ్ కోసం పై డస్ట్ కవర్ తీసి చూడనా, ఏదైనా దొరుకుతుందేమో? అప్పుడు విప్పినప్పుడు తుడిచిన గుడ్డలు ఇంకా మూలన పడి ఉన్నాయి, వాటి మీద నుంచి కూడా తీయొచ్చేమో.

స్పాంజ్:
గుడ్డ మీద నుంచే తీయండి. దుమ్ము లేని చోట చూసి పుల్లతో గీకండి. దానికోసం బండి విప్పొద్దు.

నట్టుబోల్టు:
స్పాంజ్ గారూ, మీరు చెప్పింది నాకు కొత్త, నేర్చుకున్నా. కానీ ఒక్క మాట, తమ్ముడి చేత వెంటనే మొత్తం విప్పించకముందు సీల్ సంగతి కూడా అనుమానించాలి. గ్రీజ్ పల్చబడినా సీల్ బాగుంటే ఇంతలా రోజూ రాదు. తమ్ముడూ, కింది బేరింగ్ వేసేటప్పుడు కొత్త డస్ట్ సీల్ వేశావా, పాతదే పెట్టావా? సీల్ కింద కూర్చుంటుంది, దాని మీద బేరింగ్ లోపలి రేసు స్టెమ్ (కింది టి నుంచి పైకి హెడ్ పైపులోకి వెళ్ళే రాడ్డు) మీదికి దిగ్గొట్టాలి. అప్పుడు రేసు మీద పెట్టి కొట్టే పైపు సరిగ్గా పట్టుకోకపోతే రేసు వంకరగా దిగి సీల్ అంచు మడతపడుతుంది. ఒక్క చోట మడతపడ్డా చాలు, దారి దొరుకుతుంది. నువ్వు చుట్టూ రింగులా వస్తోంది అన్నావు, కానీ బాగా తుడిచి, ఫోన్ కెమెరా కింది నుంచి పెట్టి టార్చ్ వేసి వీడియో తీసి చూడు, ఒక పక్క నుంచి మొదలై చుట్టూ పాకుతోందేమో.

ఇంకొకటి అడగాలి. హ్యాండిల్ ప్లే (లూజు) ఎలా ఉంది? ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని పెట్టి, షాకర్ల అడుగు భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడు, టక్ మని కదలకూడదు. లూజుగా ఉంటే బ్రేక్ కొట్టిన ప్రతిసారీ కింది బేరింగ్ పంపులా పనిచేసి గ్రీజ్ బయటికి తోస్తుంది. కొత్త రేసులు కొంచెం దిగి కూర్చోవడం మామూలే, అందుకే మార్చాక కొన్ని వందల కిలోమీటర్లకి ఓసారి మళ్ళీ చూసుకోవాలి. తర్వాత హ్యాండిల్‌ని కొంచెం పక్కకి తిప్పి వదిలితే దాని బరువుకి అదే మెల్లగా చివరిదాకా వాలిపోవాలి, వైర్లూ కేబుళ్ళూ పట్టుకోకుండా చూసుకో, లేదంటే తప్పుగా అనుకుంటావు.

సాయంత్రంషెడ్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇదే పని పెట్టుకున్నా ఈ ఆదివారం, కానీ నాది విడి బాల్స్ ఉన్న పాత రకం. నేను కూడా గ్రీజ్ ఎక్కువ పెట్టాలనే అనుకున్నా, బాల్స్ రాలిపోకుండా పట్టుకుంటుందని. ఎంత పెట్టాలి మరి?

నట్టుబోల్టు:
విడి బాల్స్‌కి గ్రీజే జిగురు, కాబట్టి రేసు గాడి నిండా పెట్టి బాల్స్ అందులో నొక్కి కూర్చోబెట్టు, ఆపైన ఇంకో పూత. అక్కడ మొహమాట పడకు. పైపు లోపల గోడలకి మాత్రం తుప్పు పట్టకుండా వేలితో పల్చగా రాస్తే చాలు. స్టెమ్ కిందికి దించేముందు అడుగున గుడ్డ పరుచుకో, బాల్స్ రాలి దొర్లిపోతాయి, పైన ఎన్ని కింద ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టి రాసుకో, రెండూ ఒకే సంఖ్య కాకపోవచ్చు. గాడిలో కొంచెం ఖాళీ మిగిలిందని ఇంకో బాల్ ఇరికించకు, అది ఉండాల్సిన ఖాళీనే. పాత బాల్స్, కొత్త రేసులు కలపకు.

రాత్రిప్రయాణం:
సాయంత్రంషెడ్, బండికి డబుల్ స్టాండ్ లేకపోతే ముందు చక్రాన్ని ఎలా లేపుతావో ముందే ఆలోచించుకో. షాకర్ల కింద పెట్టే స్టాండ్ ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే మనం ఊడదీసేది షాకర్లనే. ఫ్రేమ్ కింద గట్టి చోట ఆధారం ఇచ్చి, వెనక చక్రాన్ని కట్టెయ్. సైలెన్సర్ పైపు మీద జాకీ పెట్టకు.

పాతబండి:
అందరికీ నమస్కారం, ఆలస్యంగా వచ్చా, పని అయ్యాకే రాద్దామని ఆగా.

ముందు గాజు పలక పరీక్ష. గుడ్డ మీద పాత గ్రీజ్ తీసి కొత్తదాంతో కలిపి పెట్టా. సాయంత్రానికి కలిపిన ముద్ద చదునుగా జారి చుట్టూ నూనె మరక చేసింది, కొత్త గ్రీజ్ ముద్ద పెట్టినది పెట్టినట్టే ఉంది. స్పాంజ్ గారూ, పాత గ్రీజ్ ఏ రకమో నాకు తెలియదు గానీ, రెండిటికీ పడలేదన్నది మాత్రం కళ్ళారా చూశా.

తర్వాత నట్టుబోల్టు అన్న చెప్పినట్టు ఫోన్ పెట్టి వీడియో తీశా. బాగా తుడిచి ఎండలో పెట్టి గంట తర్వాత చూస్తే ఎడమ వైపు వెనక మూల ఒక్క చోటే బొట్టు కట్టింది, చుట్టూ పాకింది ఆ తర్వాతే. ఇక ఆగలేక విప్పా.

విప్పితే ఏం కనిపించిందంటే, పై బేరింగ్‌లో నేను కూరిన నీలం గ్రీజ్ అలాగే ఉంది, కొంచెం కూడా చెడలేదు. పైపు మధ్యలో మాత్రం గంజిలా ఉంది, పుల్ల పెడితే నిలబడలేదు. అది కింది బేరింగ్ మీదికి దిగి, అక్కడున్న మంచి గ్రీజ్‌ని కూడా సగం దాకా పల్చన చేసింది. రోలర్ల మీద పొర ఉంది గానీ అలాగే వదిలేసి ఉంటే ఎంతకాలం ఉండేదో. సీల్ సరిగ్గా ఆ ఎడమ వెనక మూలన చిటికెన వేలి గోరంత మడతపడి ఉంది. నేను రేసుని దిగ్గొట్టిన పైపు ఒక పక్కకి వంగి ఉండేది, అప్పుడే అనుమానం వచ్చింది, దిగిందిలే అని వదిలేశా.

ఇక్కడ నాకు నష్టం జరిగింది, మీరు తెలుసుకోవాలి. సీల్ మార్చాలంటే దాని మీదున్న లోపలి రేసు స్టెమ్ నుంచి ఊడదీయాలి, దాన్ని ఉలితో అంచు పట్టి కొంచెం కొంచెంగా లేపా, రోలర్లని పట్టుకునే కేజ్ వంగిపోయింది. కాబట్టి కింది బేరింగ్ మళ్ళీ కొత్తది కొనాల్సొచ్చింది. మొదటిసారే సీల్ చదునుగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసుంటే ఒక బేరింగ్ మిగిలేది.

ఈసారి పైపు, స్టెమ్, రెండు రేసులు, పై బేరింగ్ అన్నీ విడిగా కిరోసిన్‌తో కడిగి, గుడ్డ మీద ఏ రంగూ అంటుకోని దాకా తుడిచి, పూర్తిగా ఆరాక గ్రీజ్ పెట్టా. టేపర్ బేరింగ్ వెడల్పు వైపు నుంచి అరచేతికి అదుముతూ, సన్న వైపు రోలర్ల మధ్యలోంచి గ్రీజ్ బయటికొచ్చేదాకా కూరా. పైపు గోడకి పల్చటి పూత, అంతే. డబ్బాలో ఎంత తగ్గిందో తెలియనంత పట్టింది, ముందుసారి సగం డబ్బా ఎందుకు పోశానా అనిపించింది. కొత్త రేసు దిగ్గొట్టడానికి పాత రేసునే దాని మీద తిరగేసి పెట్టి, సరిపడే ఇనుప పైపు నిలువుగా పట్టుకుని నాలుగు వైపులా సమానంగా కొట్టా. సీల్ అంచు చుట్టూ ఒకేలా ఉందని అద్దం పెట్టి చూశా.

నట్టు బిగించేటప్పుడు కిట్ కాగితం ప్రకారం ముందు కొంచెం గట్టిగా బిగించి, హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి అయిదుసార్లు తిప్పి, మళ్ళీ పూర్తిగా లూజ్ చేసి, ఆ తర్వాత చెప్పిన టార్క్‌కి తెచ్చా. పై టి బోల్టులు షాకర్లని పట్టుకునేవి లూజ్‌గా ఉంచే పై నట్టు బిగించా, తర్వాత వాటిని. ముందుసారి ఇది తిరగేసి చేశానని ఇప్పుడు అర్థమైంది.

స్పాంజ్:
పలక మీద చూసింది ఇక్కడ రాసినందుకు చాలా సంతోషం. ఒక్కటే అడుగుతా, డిస్క్ మీద ఏమైనా పడిందా? పల్చటి నూనె కాబట్టి మడ్‌గార్డ్ దాటి గాలికి వెనక్కి కొట్టుకుని ఉండొచ్చు.

పాతబండి:
డిస్క్ మీద కంటికి కనపడలేదు గానీ, తెల్ల గుడ్డకి బ్రేక్ క్లీనర్ పట్టించి రెండు వైపులా తుడిచా, గుడ్డకి మామూలు నల్ల పొడే అంటింది, జిడ్డు లేదు. ప్యాడ్లు తీసి చూశా, మచ్చలు లేవు, బ్రేక్ ముందులాగే పడుతోంది. టైరు అంచున రెండు బొట్లు పడి ఉన్నాయి, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాకే బండి తీశా.

రాత్రిప్రయాణం:
మంచి పని. ప్యాడ్‌కి గ్రీజ్ పట్టి ఉంటే మాత్రం గీకి వాడటం, కాల్చి వాడటం లాంటివి చేయకండి ఎవరూ, మార్చడమే.

సాయంత్రంషెడ్:
నాది కూడా అయిపోయింది అన్నా, బాల్స్ లెక్కపెట్టమన్నందుకు థాంక్స్, కింద రెండు ఎక్కువ ఉన్నాయి, రాసుకోకపోతే ఖచ్చితంగా కలిపేసేవాడిని. మూడు రోజులకి టి చుట్టూ సన్నటి గ్రీజ్ గీత ఒకటి వచ్చింది, తుడిచా, మళ్ళీ రాలేదు. ముద్దగానే ఉంది, నూనెలా లేదు.

నట్టుబోల్టు:
అది మామూలే, కూర్చునేటప్పుడు ఎక్కువైంది బయటికి నెట్టింది. ఆ సన్న గీత సీల్ అంచున ఉంటే మంచిదే, దుమ్మూ నీళ్ళూ దాన్ని దాటి లోపలికి పోవు. దుమ్ము పట్టిన పై పొర మాత్రం అప్పుడప్పుడూ తియ్యి. తమ్ముడూ పాతబండీ, నీది ఇప్పుడు ఎలా ఉంది?

పాతబండి:
ఆరు వందల కిలోమీటర్లు అయ్యాయి అన్నా. నిన్న మళ్ళీ చక్రం లేపి షాకర్లు పట్టి లాగి చూస్తే చాలా కొంచెం ప్లే తెలిసింది, సి స్పానర్‌తో పై నట్టుని ఒక గాటు ముందుకి తెచ్చా, ఇప్పుడు లేదు. హ్యాండిల్ వదిలితే దానంతటదే వాలుతోంది, మధ్యలో ఆగట్లేదు. వారం రోజుల ఎండ తర్వాత టి కింద తెల్ల టిష్యూ కట్టి చూశా, పొడిగానే ఉంది.